చూసిన ఒక్క దృశ్యం నుంచి కథ, గద్యకవిత: రాసే పద్ధతి

మిరప సీజను నడిచే నెలల్లో గుంటూరు గాలికి ఒక ఘాటు ఉంటుంది. మిరప యార్డు వైపు వెళ్లే లారీ వెనక పడితే కళ్లు మండుతాయి. ఊరికి కొత్తవారైతే దగ్గు ఆగదు. అలాంటి ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం, ఊరి చివర ఒక శీతల గిడ్డంగి పక్కన రేకుల షెడ్డులో నేను చూసింది ఇది. మిరపకాయల తొడిమలు తీస్తున్న ఒక పెద్దామె చెవికి ఎనిమిదేళ్ల పిల్ల ఫోను ఆనించి నిలబడింది. పెద్దామె చేతుల నిండా మిరప మంట. ఆ చేత్తో ఫోను పట్టుకుంటే మంట ఫోనుకు అంటుతుంది, అక్కడి నుంచి చెంపకు, చెంప నుంచి కంటికి. అందుకని మనవరాలు పట్టుకుంది. మాటలు అయిపోగానే పిల్ల ఫోను తీసుకుని బయటకు పరుగెత్తింది. జరిగింది అంతే.

ఆ కాసేపటి నుంచి నేను ఒక కథ రాశాను, ఒక గద్యకవిత రాశాను. రెండూ కుదిరేసరికి ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో ఏ పని తర్వాత ఏ పని చేశానో, ఎక్కడ తప్పానో వరసగా చెబుతాను. కొత్తగా రాయడం మొదలుపెట్టేవారు తమ సొంత దృశ్యాన్ని పక్కన పెట్టుకుని ఒక్కో మెట్టూ నాతోపాటు ఎక్కవచ్చు.

మొదటి మెట్టు: మూడు రోజులు ఆగడం

ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుందని చాలామంది అడుగుతారు. నా లెక్కలో, చూసిన మూడు రోజుల తర్వాత కూడా మనసులోంచి పోనిదే ప్రేరణ. దానిని కనిపెట్టడానికి ఒక పద్ధతి ఉంది.

చూసిన రోజే ఐదారు వాక్యాలు రాసి పెట్టుకోండి. అందులో పోలికలు ఉండకూడదు, మీ బాధ, జాలి ఉండకూడదు. ఆ రోజు నా నోటుపుస్తకంలో ఉన్నది ఇంతే: 'మధ్యాహ్నం రెండు. రేకుల షెడ్డు. పదిమంది దాకా ఆడవాళ్లు, ముఖాలకు గుడ్డలు. పెద్దామె, ఫోను, పిల్ల. పిల్ల కాళ్లకు చెప్పులు లేవు. ఫోను మీద ప్లాస్టిక్ కవరు.' పుస్తకం మూసేయండి. మూడు రోజుల తర్వాత, దానిని తెరవకుండా, గుర్తున్నదంతా మళ్లీ రాయండి. అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

రెండోసారి రాసినదాంట్లో నాకు వేళ గుర్తులేదు, చెప్పుల సంగతీ లేదు. మొదట రాయనివి మాత్రం రెండు వచ్చాయి. మాట్లాడుతున్నంతసేపూ పెద్దామె చేతులు ఆగలేదు. చెయ్యి నొప్పి పుట్టి పిల్ల ఒకసారి ఫోనును ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. కన్ను చూసి, చెయ్యి రాయకుండా వదిలేసినదానిని మనసు దాచి పెట్టింది. విత్తనం అదే.

పెద్ద సంఘటనలు విత్తనాలుగా తొందరగా మొలవవు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో నీళ్లు నిలిచాయి. 'వరద' అనే మాట పట్టుకుని కూర్చుంటే పత్రికల్లో వచ్చినదే మళ్లీ రాస్తాం. నీళ్లు గుమ్మం దాటి వస్తున్నప్పుడు ఆ ఇంట్లోవాళ్లు అన్నిటికంటే ముందు అటక మీదికి ఎక్కించిన వస్తువు ఏమిటి? ఆ ఒక్క ప్రశ్నకు నలుగురిని అడిగి నాలుగు జవాబులు తెచ్చుకుంటే నాలుగు కథలకు దారి దొరుకుతుంది. పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో రాత్రి పదకొండు తర్వాత ఒక గంట, ప్రకాశం బ్యారేజీ మీద తెల్లవారుజామున ఒక గంట కూర్చోవడం కూడా మంచి అలవాటే. అయితే రోజుకొక చోటికి తిరగకండి. ఒకే చోటికి పదిసార్లు వెళ్లండి. మూడోసారికి అక్కడివాళ్లు మిమ్మల్ని పట్టించుకోవడం మానేస్తారు. మీకు చూడటం అప్పటి నుంచే వస్తుంది.

రెండో మెట్టు: ఇది కథా, గద్యకవితా?

ముందు పేర్ల తికమక తీర్చుకోవాలి. మన దగ్గర 'వచన కవిత' అంటే ఛందస్సు లేకుండా, పాదాలుగా విరిచి రాసే కవిత. నరసరావుపేట ప్రాంతంలో పుట్టిన కుందుర్తి ఆంజనేయులు దాని కోసం జీవితమంతా వాదించారు, 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ అనే సంస్థ పెట్టారు. నేను ఇక్కడ చెబుతున్న గద్యకవితకు పాదాల విరుపు కూడా ఉండదు. పేరాగా, పేజీ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సాగుతుంది. ఫ్రెంచి కవి బోదలేర్ ఇలా రాసినవి ఆయన మరణం తర్వాత 1869లో పుస్తకంగా వచ్చి ప్రపంచమంతటా ఈ రూపానికి పేరు తెచ్చాయి. ఊపిరితో నడిచే వచనం మనకు మాత్రం అప్పటికే పాత చుట్టం. 13వ శతాబ్దంలో కృష్ణమాచార్యులు సింహాచలం స్వామి మీద చెప్పిన సింహగిరి వచనాలు పద్యాలు కావు, మామూలు గద్యమూ కావు. పైకి చదివి చూడండి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వాక్యమే చెబుతుంది.

ఇక పరీక్ష. మీ దృశ్యాన్ని ఒక స్నేహితుడికి రెండు నిమిషాల్లో చెప్పండి. విన్నవాడు 'తర్వాత ఏమైంది?' అని అడిగితే అందులో కథ ఉంది. ఏమీ అడగకుండా కాసేపు ఊరుకుంటే అందులో గద్యకవిత ఉంది. కథకు కాలం కావాలి. మొదట్లో ఒకలా ఉన్న మనిషి, లేదా ఆ మనిషి గురించి మనకు తెలిసినది, చివరకు ఇంకోలా మారాలి. గద్యకవిత ఒకచోట నిలబడి లోతుకు తవ్వుతుంది.

నా దృశ్యం విన్న ఇద్దరిలో ఒకరు 'ఫోను చేసింది ఎవరు?' అన్నారు. రెండోవారు తన అరచేతులు చూసుకున్నారు. అందుకే రెండూ రాశాను.

మూడో మెట్టు: కథ కట్టడం

ఎక్కువసేపు ఉండవలసిన మెట్టు ఇది.

మొదట అడగవలసిన ప్రశ్న: ఈ మనిషి ఈ రోజు దేనిని దాచుకోవాలనుకుంటోంది? 'ఏమి కావాలి' అని అడగమని చాలామంది చెబుతారు. అదీ పనికొస్తుంది. దాచుకునేదేమిటని అడిగితే మాత్రం కథ ఇంకా తొందరగా కదులుతుంది, ఎందుకంటే దాచినది ఎప్పుడో ఒకప్పుడు బయటపడాలి. నేను ఇలా ఊహించాను. హైదరాబాదులో ఉన్న కొడుకు ఇల్లు కట్టుకోవడానికి డబ్బు పంపుతానన్నాడని ఈమె షెడ్డులో అందరికీ చెప్పుకుంది. నిజానికి ఆ కొడుకే ఈమె కూలి డబ్బు అడుగుతుంటాడు.

తర్వాత దాగనివ్వని పరిస్థితి కావాలి. అది బయటి నుంచి తెచ్చి అతికించినట్టు ఉంటే పాఠకుడు నమ్మడు, ఆ పనిలోంచే పుట్టాలి. ఇక్కడ చేతుల మంటే ఆ పరిస్థితి. ఆమె ఫోను పట్టుకోలేదు. పక్కనే లారీ ఇంజను మోగుతోంది, చెవికి ఆనించినా వినపడటం లేదు. పిల్ల స్పీకరు నొక్కింది. నేను చూసినప్పుడు స్పీకరు లేదు, అది కథ కోసం తెచ్చుకున్నది. అయినా ఆ షెడ్డులో రోజూ జరగగలిగిందే. చూసినదానికి ఎంత కలపవచ్చో కొలత ఇదే: ఆ చోట పనిచేసేవారు చదివి 'అవును, ఇలాగే అవుతుంది' అనాలి.

పేరు. తెలుగు కథలో పేరు పెట్టగానే సగం జీవితచరిత్ర చెప్పినట్టే. వయసు, కులం, ఊరు, ఇంటి దేవుడు అన్నీ అందులోంచి వినిపిస్తాయి. కోటప్పకొండ చుట్టుపక్కల ఊళ్లలో కోటేశ్వరరావులు, కోటేశ్వరమ్మలు ఎక్కువ. మంగళగిరి వైపు పానకాల స్వామి పేరు మీద పానకాలరావులు ఉంటారు. నా పెద్దామెకు కోటేశ్వరమ్మ అని పెట్టగానే ఆమె పుట్టిల్లు, తిరునాళ్లకు కట్టే ప్రభలు, చిన్నప్పుడు ఎక్కిన ఎడ్లబండి వాటంతట అవే వచ్చాయి. వాటిలో ఒక్కటీ కథలో రాయలేదు. ఆమె మాట తీరులో మాత్రం అవన్నీ ఉన్నాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి? నా మొదటి ప్రతి సూర్యోదయంతో, షెడ్డు వర్ణనతో మొదలై ఒకటిన్నర పేజీ తర్వాత గానీ ఫోను మోగలేదు. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు'ను మళ్లీ తీసి చూశాను. అర్ధరాత్రి దాటాక ఇంటికి వచ్చిన భర్త తలుపు కొట్టడంతోనే కథ తెరుచుకుంటుంది. అతను ఎవరు, ఎక్కడి నుంచి వస్తున్నాడు అనేది వెనకగా, అవసరమైనంత మేరకే తెలుస్తుంది. నా ఒకటిన్నర పేజీ కొట్టేసి, 'మామ్మా, ఫోను!' అంటూ పిల్ల పరుగెత్తుకు రావడంతో మొదలుపెట్టాను. షెడ్డు ఎలా ఉంటుందో పిల్ల పరిగెత్తే దారిలోనే కనిపించింది. తాలు కాయల గుట్ట పక్క నుంచి, తూకానికి పెట్టిన బస్తాల మధ్య నుంచి ఆమె రావాలి కదా.

సంభాషణ దగ్గర తెలుగు మనకొక పెద్ద సాయం చేస్తుంది. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో చూపిస్తే వాళ్ల బంధం గురించి ఇంకేమీ వివరించనక్కరలేదు. షెడ్డులో రక్తసంబంధం లేనివాళ్లు కూడా 'వదినా', 'అక్కా', 'పిన్నీ' అని పిలుచుకుంటారు. అందులో 'పిన్నీ' అనేవాళ్లు ఈమె దగ్గర అన్నం పెట్టించుకోగలరు, 'వదినా' అనేవాళ్లు ఈమెను ఆటపట్టించగలరు. 'నువ్వు', 'మీరు' సంగతీ అంతే. ఎప్పుడూ 'నువ్వు' అనే మేస్త్రి ఒకరోజు 'మీరు' అన్నాడంటే ఏదో జరిగిందని పాఠకుడు తల ఎత్తుతాడు. ఆ ఒక్క మాట మార్పు మీదే కథ మలుపు తిప్పవచ్చు. నా కథలో కొడుకు ఫోనులో మొదట 'అమ్మా, తిన్నావా' అంటాడు. డబ్బు మాట వచ్చేసరికి పిలుపు పోతుంది, 'అమ్మా' అన్న మాట మళ్లీ రాదు. దానిని నేను ఎక్కడా ఎత్తి చూపలేదు.

ముగింపు దగ్గర మూడుసార్లు తిరిగాను. మొదటి ముగింపులో కోటేశ్వరమ్మ ఏడుస్తుంది, అందరూ మిరప ఘాటుకు కళ్లు నీళ్లు కారుతున్నాయనుకుంటారు. మిరపకాయలు, కన్నీళ్లు ఒకచోట ఉంటే ఎవరికైనా మొదట తట్టేది అదే, అందుకే తీసేశాను. రెండోదానిలో పక్కామె తను తీసిన కాయలు రెండు దోసిళ్లు కోటేశ్వరమ్మ గంపలో పోస్తుంది. కిలోల లెక్కన కూలి ఇచ్చే చోట అది చిన్న త్యాగం కాదు. చదువుతుంటే మాత్రం ఆ జాలి పక్కామెది కాదు, నాదేనని తెలిసిపోయింది. రెండు నెలలు పక్కన పెట్టాను. మూడోది ఒక బస్సు ప్రయాణంలో వచ్చింది. ఫోను అయిపోతుంది. అందరూ అంతా విన్నారు. కాసేపు తొడిమలు తుంచే చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు ఒకామె, తను ఏమీ విననట్టుగా, 'ఏమంటున్నాడు పిన్నీ మీ అబ్బాయి?' అని అడుగుతుంది. 'బాగున్నాడట. వచ్చే నెల పంపుతానన్నాడు' అంటుంది కోటేశ్వరమ్మ. 'మంచిదే' అంటుంది ఆమె.

అక్కడ ఆపాను. ఆ తర్వాత ఒక్క వాక్యం రాసినా వాళ్లు ఒకరికొకరు ఇచ్చుకున్నదానిని నేను లాక్కున్నట్టే.

నాలుగో మెట్టు: గద్యకవితలో క్రియలతో పని

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. కథలో ఇది ఇబ్బంది పెట్టదు. పేరా నిడివి ఉండే గద్యకవితలో మాత్రం ప్రతి వాక్యమూ 'ఉంది', 'వచ్చింది', 'పోయింది' అంటూ ఒకే చోట దిగి కాళ్లు పట్టేస్తుంది. దీనికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, క్రియ లేని వాక్యం. 'రేకుల కింద ఎర్రటి కొండ' అంటే తెలుగులో పూర్తి వాక్యమే. రెండోది, తుంచి, వేసి, తీసి అనే అసమాపక క్రియలను గొలుసుగా కట్టడం. వాక్యం ముగియదు, ఊపిరి సాగుతూ పోతుంది. చేతిపనికి ఈ గొలుసు చక్కగా సరిపోతుంది, ఎందుకంటే ఆ పని కూడా ముగియకుండా తిరిగి తిరిగి వస్తుంది.

ఇంకొక సంగతి. గద్యకవితకు మీ ఊహ కంటే ముందు భాషలో ఉన్న నమ్మకాలను వెతకండి. మనకు పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నెత్తి మీద తడతాం. ఆ షెడ్డులో రోజంతా ఎవరికో ఒకరికి పొలమారుతూనే ఉంటుంది. ఈ రెండూ కలిసిన క్షణంలో నా పేరా కదిలింది. అది ఇది:

'తొడిమ తుంచి, కాయ గంపలో వేసి, తొడిమ తుంచి, కాయ గంపలో వేసి, మధ్యాహ్నం. రేకుల కింద ఎర్రటి కొండ. చుట్టూ పదిమంది, ఇరవై చేతులు, ఒక్క చెయ్యీ ముఖం దాకా రాదు. చెమట కంట్లోకి జారితే భుజమే పైకి రావాలి. ఒకామెకు పొలమారింది. ఎవరో తలచుకుంటున్నారు అంది పక్కామె. ఆమెకూ పొలమారింది. తర్వాత ఇంకొకామెకు. ఒక్కరూ ఎవరి నెత్తి మీదా తట్టలేదు. సాయంత్రం దాకా ఎవరినో ఎవరో తలచుకుంటూనే ఉన్నారు. తూకం వేయించి, ఇంటికి నడిచి, కొబ్బరినూనె రాసి, సబ్బుతో తోమి, దీపం తగ్గించి, నిద్రపోతున్న పిల్ల చెంప దగ్గర చెయ్యి ఆగి'

చివర చుక్క లేదు. 'ఆగింది' అని రాస్తే చెయ్యి ఒక్కసారి ఆగినట్టు. 'ఆగి' అంటే ఇంకా అక్కడే ఉంది. మొదటి ప్రతిలో ఇది దీనికి మూడింతలు ఉండేది. అందులో నిప్పులతో పోలిక ఉంది, రక్తంతో పోలిక ఉంది, శ్రమ గురించి ఒక గట్టి వాక్యం కూడా ఉంది. ఎర్రటి కొండ అన్న తర్వాత నిప్పు ఎందుకు? ఒక్కొక్కటే తీస్తూ, ఏది తీస్తే పేరా కూలుతుందో అక్కడ ఆగాను. నెత్తి మీద తట్టకపోవడం అనే మాట మొదట్లో లేదు, తీసివేతల తర్వాత ఖాళీ అయిన చోటులోంచి వచ్చింది.

ఐదో మెట్టు: దిద్దడం

కనీసం రెండు వారాలు ముట్టుకోకండి. ఆ తర్వాత మూడు విడతలుగా చదవండి. మొదటి విడత క్రియలు మాత్రమే చూడండి. 'చేయడం జరిగింది' వంటివి ఉంటే 'చేశారు' అని మార్చండి. రెండో విడత 'లాగా', 'వలె', 'అన్నట్టు' ఉన్న ప్రతి చోటా గీత గీయండి. కథ మొత్తంలో అలాంటివి నాలుగు దాటితే తక్కినవి తీసేయండి. మూడో విడత చివరి పేరాను అరచేతితో కప్పి కథ చదవండి. అది లేకుండానే కథ ముగిసినట్టు అనిపిస్తే అది అక్కరలేదు. నేను చూసిన కొత్త కథల్లో సగానికి పైగా ఈ మూడో విడతలోనే బాగుపడ్డాయి.

అన్నీ పైకి చదవాలి, గొంతు వినపడేలా. కన్ను క్షమించినదానిని నాలుక క్షమించదు.

చదువు సంగతి ఇక్కడే చెప్పాలి. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయంలో పాత తెలుగు పుస్తకాల మధ్య ఒక ఆదివారం గడపండి. కథకులు కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథల గ్రంథాలయం, కథానిలయం, పాత పత్రికల కథలను అంతర్జాలంలో కూడా ఉంచింది. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళితే పేరున్న సంపుటాలతోపాటు, రచయితలే అచ్చు వేయించుకున్న పల్చటి కథల పుస్తకాలు కూడా రెండు మూడు కొనండి. మీతోపాటు ఈ కాలంలో రాస్తున్నవారు ఏం చేస్తున్నారో తెలియాలి.

ఆరో మెట్టు: పంపే ముందు

పంపడంలో కష్టం లేదు. యూనికోడ్‌లో టైపు చేసి, పత్రిక చెప్పిన పదాల పరిమితిలో ఉంచి, ఇది నా సొంత రచన, ఇంకెక్కడా అచ్చు కాలేదు అని హామీ పత్రం జతచేయండి. ఒక రచన ఒకేసారి ఒకే పత్రికకు పంపండి. జవాబు రాకపోతే ఆ పత్రిక చెప్పిన గడువు దాకా ఆగి, ఇంకొకరికి పంపండి.

అంతకు ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. ఎవరి పని గురించి రాశారో వారికి వినిపించండి. నా కథ రెండో ప్రతిలో, ఇంటికి వెళ్లేముందు కోటేశ్వరమ్మ పంపు దగ్గర చేతులు కడుక్కుంటుంది, మంట పోతుంది. షెడ్డు బయట టీ తాగుతున్న ఇద్దరికి ఆ పేజీ చదివాను. నీళ్లతో మంట పోదని, ముందు నూనె రాయాలని చెప్పారు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. వాళ్లకు ఆ పేరుతో పనిలేదు, చేతులకు తెలుసు. గద్యకవితలో కొబ్బరినూనె అలా వచ్చింది. అచ్చయి ఉంటే, ఆ ఒక్క తప్పుతో కథ మొత్తం వాళ్లకు అబద్ధమయ్యేది.

చివరి ప్రతి పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఈసారి పూర్తిగా చదివాను. కొడుకు మాటలు వచ్చే చోట ఇద్దరూ తలలు వంచుకున్నారు. ముగింపు గురించి ఏమీ అనలేదు. కాసేపటికి వాళ్లిద్దరిలో పెద్దామె అడిగింది: 'ఆ పిల్ల ఫోను కుడి చెవికి ఎలా పెడుతుంది నాయనా? కుడి పక్క గంప ఉంటుంది కదా, ఎక్కడ నిలబడుతుంది?'

అక్కడే బస్తా మీద కాగితం పెట్టి, కుడి అన్న చోట ఎడమ అని దిద్దాను.